ఆరో అంతస్తులో చలి

ఆ అమ్మాయి మొహం చూడకముందే ఆమె పేరు చూస్తే నాకు తలనొప్పి వచ్చేది.

'ఆమని. ఆరో అంతస్తు, కిటికీ పక్క సీటు. విపరీతమైన చలి.' వారంలో నాలుగోసారి అదే ఫిర్యాదు టికెట్.

నేను నానక్‌రామ్‌గూడలో ఒక పెద్ద ఆఫీసు బిల్డింగులో ఏసీ టెక్నీషియన్ని. పేరు సాయిలు. మాది మెదక్ పక్కన పల్లెటూరు. పన్నెండు అంతస్తులకు పగటి షిఫ్టులో పైకి తిరిగేది ఇద్దరమే. ఆ రెండోవాడు సెలవు పెట్టి పది రోజులైంది, నా మోకాళ్లు మొరాయించి కూడా పది రోజులే.

పైకి వెళ్తే ఆమె శాలువా కప్పుకుని, ముక్కు ఎర్రగా చేసుకుని టైప్ చేస్తోంది. మీటరు పెట్టి చూపించాను.

"ఇరవై రెండు డిగ్రీలున్నది మేడం. అంతట గింతే."

"మీ మీటరుకు చలి వేయదు కదండీ. నాకు వేస్తోంది."

"ఈ ఫ్లోర్ల మగోళ్లు ఒక్కరు గూడ కంప్లైంట్ ఇయ్యలే."

"అయితే నేను మగాణ్ణయి పుట్టి టికెట్ పెట్టాల్సిందన్నమాట."

చుట్టుపక్కల ఇద్దరు కిసుక్కున నవ్వారు. నాకు తిక్క రేగింది. లిఫ్టులోనే ఫోను తీసి, 'లోపం లేదు' అని కొట్టి టికెట్ మూసేశాను.

మూడు వారాల్లో అలా పదకొండు మూశాను. మధ్యలో ఏమైందో ఏమో, తిట్టుకుంటూ ఎక్కేవాణ్ణి కాస్తా జుట్టు దువ్వుకుని ఎక్కడం మొదలుపెట్టాను.

"మళ్లీ మీరేనా అండీ?"

"ఇంకెవరొస్తరు మేడం. ఇద్దరం ఉండాలె, ఒక్కణ్ణే ఉన్న."

"తిన్నారా?"

ఆ బిల్డింగులో నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. లేదని తల ఊపితే ఫ్లాస్కులోంచి అల్లం టీ పోసి ఇచ్చింది. కప్పు అందుకుంటుంటే తగిలిన ఆమె వేళ్లు మంచుగడ్డలు. టీ తాగాను, మీటరు చూశాను, 'లోపం లేదు' అని మళ్లీ రాశాను. మీటరు చెప్పిందే కదా రాయాలి అనుకున్నాను, అంత తెలివి నాది.

ఆ బుధవారం వెళ్లేసరికి ఆమె టైప్ చేయడం లేదు. ఊరికే స్క్రీను చూస్తోంది.

"ఏంది మేడం, పరేషాన్ ఉన్నరు?"

"మెడ పట్టేసింది, వేళ్లు కొంకర్లు పోతున్నాయి. రోజూ పని సగంలో ఆగిపోతోంది. ఇంటి నుంచి చేస్తానని అడిగాను. మా మేనేజరు నా టికెట్లన్నీ ప్రింటు తీసి ముందు పెట్టాడు. 'పదకొండుసార్లు లోపం లేదని టెక్నీషియనే రాశాడు, నువ్వు పని ఎగ్గొట్టడానికి సాకులు చెప్తున్నావు' అన్నాడు. శుక్రవారం హెచ్ఆర్ వాళ్లు పిలిచారు. తీసేస్తారేమోనండీ."

మీటరు తీసి జేబులో పెట్టేశాను.

"నేను అబద్ధం చెప్తున్నానని మీరూ అనుకుంటున్నారా?" అని అడిగింది. గొంతులో కోపం కూడా లేదు, ఓపిక అయిపోయినట్టుంది.

బేస్‌మెంటులో, కింద మెషీన్లు చూసుకునే మా పెద్ద టెక్నీషియను పెంటయ్య సార్ అన్నం తింటున్నాడు. పక్కన కూర్చుని అంతా చెప్పాను. ఆయన డబ్బా మూత పెట్టి అప్పుడు మాట్లాడాడు.

"డిప్లొమాల ఏం సదివినవ్ రా? రూముకు ఏసీ లెక్క కట్టేటప్పుడు మనిషికి ఇంత వేడి అని వేస్తం గద. ఆడోళ్లకు ఎంత వేస్తం?"

"మగోళ్ల కన్న పదిహేను శాతం తక్కువ సార్."

"ఎందుకు?"

"బుక్కుల గట్లనే ఉండె సార్."

"మగోని ఒంట్ల కండ ఎక్కువ. ఊకె కూసున్నా తిన్నది జల్ది ఖర్చయితది, వేడి పుడతది. ఆడోళ్ల ఒళ్లు జర మెల్లగ ఖర్చు పెడ్తది. అందరు ఒక్క తీరుండరు గని, శానమందికి గంతే. నీకు హాయిగున్న కాడ ఆ పిల్లకు చలి పెడ్తది. అబద్ధమెట్లయితది?"

పదిహేను శాతం. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ అంతస్తు పాత లెక్క తీసి చూస్తే, ఆమె కూర్చునే మూల ఇరవై సీట్లకూ మగవాళ్ల వేడే వేసి, దానికి సరిపడా చల్లగాలి పెట్టి ఉంది. ఇప్పుడక్కడ పదహారు మంది అమ్మాయిలు. మిగతావాళ్లు అడిగి అడిగి విసిగి, స్వెటర్లు తెచ్చుకుని ఊరుకున్నారట. ఆమె ఒక్కతే ఊరుకోలేదు.

"టికెట్లు మళ్ల తెరుస్త సార్."

"పదకొండు తప్పుగ మూసినవని నువ్వే ఒప్పుకుంటే నీ కాంట్రాక్టు ఉంటదా?"

"ఉండకపోవచ్చు."

"ఫికర్ లేదా?"

"మస్తున్నది సార్."

గురువారం ఒక్కొక్కటే తెరిచాను. ప్రతిదాని కిందా ఒకటే రాశాను: 'లోపం ఉంది. ఈ చల్లదనం మగవాళ్ల ఒంటిని బట్టి పెట్టింది. ఈమె చెప్పింది నిజం. నేను వినలేదు.' పైకి వెళ్లి ఆ మూల గాలి సగం తగ్గించి, ఇరవై నాలుగున్నరకు మార్చాను. ఆమె సీటులో లేదు.

శుక్రవారం హెచ్ఆర్ వాళ్లు నేను రాసింది చూసి ఆమెను పది నిమిషాల్లో సీటుకు పంపేశారట, ఉద్యోగం నిలిచింది. నన్ను మాత్రం మా కాంట్రాక్టు కంపెనీ వాళ్లు గంటన్నర నిలబెట్టి తిట్టారు. తీసేయలేదు కానీ, సోమవారం నుంచి పుప్పాలగూడ బిల్డింగుకు పొమ్మన్నారు. సాయంత్రం ఆమె బేస్‌మెంటు మెట్లు దిగి వచ్చింది.

"ఎందుకండీ అలా రాశారు? ఒక్కటి తెరిస్తే సరిపోయేది కదా."

"తప్పు పదకొండు సార్లు రాసిన మరి."

నాకు భయం వేసింది, అయినా అనేశాను.

"ఇంకొకటున్నది. టికెట్ల రాసేది కాదది. మీరంటే నాకు ఇష్టం. టికెట్ రాకున్నా ఆరో అంతస్తుకు రావాలనిపిస్తది. మీకు గూడ ఇష్టమేనా?"

ఆమె మెట్టు మీద కూర్చుని గోడకు తల ఆనించింది.

"ఈ నెలంతా నేను నిజమే చెప్తున్నానని అందరికీ చెప్పి చెప్పి అలిసిపోయానండీ. నమ్మింది మీరొక్కరే, అదీ ఆలస్యంగా. ఇప్పుడు ఏం చెప్పినా అలసటతో చెప్పినట్టే ఉంటుంది. రెండు రోజులు నిద్రపోయి చెప్తాను."

"సోమవారం నుంచి పుప్పాలగూడల ఉంట నేను."

"మా హాస్టలూ అక్కడే. సాయంత్రం ఏడింటికి షేర్ ఆటో దిగుతాను."

సోమవారం వాన. ఆరున్నరకే స్టాండులో నిలబడ్డాను. వచ్చిన ప్రతి ఆటోలోకీ తొంగి చూసి, డ్రైవర్లతో మాటలు పడ్డాను. ఏడుంబావుకు ఇంకో ఆటో వచ్చింది. అది పూర్తిగా ఆగకముందే ఆమె తల బయటపెట్టి, తడిసి ముద్దయిన నన్ను చూసి, "అవునండీ" అంది.

లోపలున్న ఐదుగురూ దేనికి అవునో తెలియక నా మొహం చూశారు.