తెల్ల కాగితం మీద నీలి చుక్కలు

"నా చేతుల వల్లే మాంసం పాడైందంటున్నారండీ," అంది ఆమె, డిటెక్టివ్ మేడమ్ చూపించిన కుర్చీలో కూర్చోకుండానే.

ఉడికించిన మాంసం కోసి ప్యాక్ చేసే కార్ఖానాలో కోత పని ఆమెది. మళ్లీ వండకుండానే తినే సరుకది. అందులో ప్రమాదకరమైన బ్యాక్టీరియా దొరికింది. సరుకంతా వెనక్కి తెప్పించిన యజమాని నలుగురి ముందూ ఆమెను ఇక రావద్దన్నాడు.

"పని పోతే పోనీండి. ఈ నింద మోసుకుని వెళ్తే ఇంకెవరు రానిస్తారు?"

డిటెక్టివ్ మేడమ్ చెప్పులేసుకుంది. అసిస్టెంట్ వెనకే పరిగెత్తాడు.

కోత గదిలో యజమాని బావమరిది నేలలోని మురుగు జాలీని పైపుతో జోరుగా కడుగుతున్నాడు. గోడకు ఫ్యాన్ తిరుగుతోంది. పక్క బల్ల మీద కోసిన ముక్కల ట్రేలు మూతల్లేకుండా ఉన్నాయి. బల్ల దగ్గర నిలబడ్డ అసిస్టెంట్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇలా ఎప్పుడెప్పుడు కడుగుతారు?" అంది మేడమ్.

"రోజంతా! బ్యాక్టీరియా అన్నప్పటి నుంచీ ఇంకా ఎక్కువ. నా శుభ్రం సంగతి మా బావనడగండి."

మేడమ్ యజమాని వైపు తిరిగింది. "ఆవిడ చేతులూ, కత్తీ పరీక్ష చేయించారా?"

"రెండూ శుభ్రమే. కానీ ముట్టుకునేది ఆవిడొక్కతే కదా!"

"ఏ ట్రేల్లో ఎక్కువ దొరికింది?"

"ఫ్యాన్ గాలి తగిలేవాటిలో."

జాలీలోంచి తీసిన మురుగును మేడమ్ ల్యాబుకు పంపింది. ఫలితం వచ్చాక పని ఆపించి, పని పోయిన ఆవిడతో సహా అందరినీ పిలిచింది. బల్ల మీద తెల్ల కాగితాలు పరిచి, జాలీలో నీలిరంగు పోసింది.

"రోజూ లాగే కడగండి."

బావమరిది మరింత హుషారుగా కడిగాడు. అసిస్టెంట్ కాగితాల మీదికి వంగి, "మేడమ్, చుక్కలు!" అన్నాడు. ఫ్యాన్ గాలి తగిలేచోట అవి చిక్కగా ఉన్నాయి.

"ఉడికినప్పుడే బ్యాక్టీరియా చచ్చింది. కాబట్టి తర్వాతే మళ్లీ చేరింది," అంది మేడమ్. "దాని కాపురం ఈ జాలీలో. మాంసంలో ఉన్నదీ ఇదే రకమని ల్యాబు కూడా తేల్చింది. పైపు జోరుకు తుంపరగా లేచింది, ఫ్యాన్ మోసుకెళ్లి ముక్కల మీద దించింది."

బావమరిది చేతిలోంచి పైపు జారింది. "అంటే నేను కడిగినకొద్దీ..."

"దాన్ని ముక్కల మీద చల్లారు. మాంసం లేనప్పుడు, ఫ్యాన్ ఆపి, క్రిముల మందు పోసి బ్రష్‌తో మెల్లగా తోమండి. తర్వాత మళ్లీ పరీక్ష చేయిద్దాం."

"ఒరేయ్, నువ్వింక ఇంటికి..." అన్నాడు యజమాని.

"ఆయన్నీ నాలాగే పంపేస్తారా?" అంది ఆమె.

యజమాని తలొంచుకున్నాడు. "నువ్వు రామ్మా."

"నలుగురి ముందూ అన్నారు కదండీ. నలుగురి ముందే వెనక్కి తీసుకోండి."

అతను తలెత్తి, గదిలో అందరికీ వినపడేలా చెప్పాడు. "తప్పు ఈవిడది కాదు. నాది తొందరపాటు."

ఆమె జుట్టు మీద టోపీ సర్దుకుని, బ్రష్ తీసి బావమరిది చేతికిచ్చింది.

"రా తమ్ముడూ. ముందు ఆ ఫ్యానాపు."