ఎడమ వైపు చూసే మనిషి

రోజూ పొద్దున ఏడున్నరకి ఆ కారు లేస్తుంది. మొదటిసారి తాళం తిప్పితే దగ్గుతుంది, రెండోసారికి అందుకుంటుంది. పద్నాలుగేళ్లుగా అదే వరస. చిన్న సెడాన్. కొన్న రోజుల్లో ఆ రకం కార్లలో అన్నిటికన్నా చవక. ఇప్పుడు కంపెనీ దాన్ని తయారు చేయడమే మానేసింది. మీటరు రెండు లక్షల డెబ్భై వేల కిలోమీటర్లు దాటింది. క్లచ్ ప్లేట్లు మూడుసార్లు మార్చారు, షాకబ్జర్లు రెండుసార్లు. ఏసీ ఏడో ఏట చచ్చిపోయింది, దాన్ని బతికించాలని ఎవరూ అనుకోలేదు. వెనక తలుపు ఒకటి లోపలి నుంచి తెరుచుకోదు. అద్దం దించి, చెయ్యి బయటికి పెట్టి తీయాలి. డిక్కీ మాత్రం బంగారం. కుట్టుమిషను, మడత మంచం, మనవరాలి మూడు చక్రాల సైకిలు, అన్నీ ఒక్కసారే మింగుతుంది.

దాన్ని నడిపేది ఆ ఇంటి తల్లి. ప్రసూతి వార్డులో ముప్ఫై ఏళ్లు నర్సుగా చేసి పోయినేడు దిగిపోయింది. పక్క సీట్లో తండ్రి. వెనక సీట్లో ఆరేళ్ల మనవరాలు. కూతురి ఇల్లు అదే వీధి చివర. ఆమె సిటీ బస్సు డ్రైవరు. తెల్లారకముందే డిపోకి పోవాలి. గిడ్డంగిలో రాత్రి కాపలా కాసే ఆమె భర్త అప్పటికి ఇల్లు చేరడు. అందుకని పిల్లని బడికి దించడం అమ్మమ్మా తాతయ్యల వంతు.

ఆ కారు ఎలా వచ్చిందో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. తండ్రి రేకులు వంచే ఫ్యాక్టరీలో ప్రెస్సు మీద పని చేసేవాడు. చేతులు లోపలికి పోకుండా ప్రెస్సుకి అడ్డంగా ఒక ఇనప జాలీ ఉండేది. అది తీసేస్తే గంటకి నలభై ముక్కలు ఎక్కువ వస్తాయని సూపర్‌వైజరు తీయించాడు. నలభై ముక్కలు ఎక్కువే వచ్చాయి. ఒక మధ్యాహ్నం వాటితో పాటు ఆయన కుడి చెయ్యి కూడా మణికట్టు దగ్గర తెగి వచ్చింది. సూపర్‌వైజరుకి మరుసటేడు పెద్ద కుర్చీ ఇచ్చారు. ఈయనకి పరిహారం ఇచ్చి ఇంటికి పంపారు.

ఇంటికొచ్చినాయన గోడకేసి తిరిగి కూర్చున్నాడు. బస్సెక్కమంటే ఎక్కడు. కమ్మీ పట్టుకుంటే టికెట్టు అందుకోలేడు, టికెట్టు అందుకుంటే కమ్మీ వదలాలి. అంతకన్నా, మొండి చెయ్యి చూడగానే జనం లేచి సీటిచ్చేవాళ్లు. ఆ మర్యాద ఆయన్ని చంపేసింది. చుట్టాలంతా స్థలం కొనుక్కోండన్నారు. భార్య మాత్రం ఎవరి మాటా వినకుండా ఆ పరిహారంతో కారు కొంది. నలభై నాలుగేళ్ల వయసులో డ్రైవింగు నేర్చుకుంది. మొదటి రోజు ఆయన్ని పక్కన కూర్చోబెట్టి గేరు వేస్తూ, ఇదిగో మీ చెయ్యి, కాకపోతే దీనికి నెలకోసారి గ్రీజు పెట్టాలంతే అంది. ప్రమాదం తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు.

కూతురు కూడా ఆ స్టీరింగు మీదే నేర్చుకుంది. అద్దం చూడ్డం కాదే, అద్దంలో మనిషిని చూడు అని తల్లి నెత్తి మీద మొట్టి మరీ చెప్పేది. ఈ రోజుకీ ఆమె బస్సు తిప్పేటప్పుడు ఆ మొట్టికాయ గుర్తొస్తుంది.

ఒక రోజు కూతురికి వారపు సెలవు. బడికీ సెలవే. పొద్దున్నే పుట్టింటికొచ్చి కాళ్లు చాపుకుని కాఫీ తాగుతోంది. పిల్ల రెండు కుర్చీలు పక్కపక్కన వేసి, కంచం ఒకటి చేత పట్టుకుని స్టీరింగులా తిప్పుతోంది. తన తల్లిని లాక్కొచ్చి ఎడమ పక్క కుర్చీలో కూలేసింది.

"అమ్మా, చెప్పు మరి."

"ఏం చెప్పనే?"

"ఎడమ పక్క ఏముందో చెప్పాలి. నువ్వు చెప్పకపోతే నేనెలా తిప్పుతా?"

"నీకు కళ్లు లేవా, నువ్వే చూసుకో."

ఏమీ తెలియని వాళ్లకి విడమరిచి చెప్పే ఓపికతో పిల్ల తల తిప్పింది. "అమ్మమ్మకి ఎడమ పక్క కనపడదు కదా. తాతయ్య చూస్తాడు, అమ్మమ్మ తిప్పుతుంది. నేను మాట్లాడకూడదు. మాట్లాడితే తాతయ్య మాట అమ్మమ్మకి వినపడదు."

వంటింట్లో గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది.

కూతురు కాఫీ గ్లాసు కింద పెట్టి బయటికి నడిచింది. కారు ఎడమ వైపు వంగి, ముందు నుంచి వెనక దాకా అరచెయ్యి రాస్తూ పోయింది. దూరం నుంచి చూస్తే ఏమీ లేదు. చేతికి మాత్రం అన్నీ తెలిశాయి. ముందు తలుపు మీద లప్పం పెట్టి రంగు కొట్టిన ఎగుడుదిగుడు, బంపరు మూల కొత్త బోల్టు. పక్క అద్దం అసలు ఈ కారుదే కాదు, వేరే బండిది తెచ్చి బిగించారు. పన్నెండేళ్లు బస్సు నడిపిన మనిషికి ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

అయినా మెకానిక్కు షెడ్డుకి వెళ్లింది. గ్రీజు బాబాయ్ అంటారు అందరూ ఆయన్ని. పుట్టినప్పటి నుంచీ గోళ్లు నల్లగానే ఉన్నాయని హాస్యం. కూతురు ముఖం చూడగానే ఆయన పానా పక్కన పడేశాడు. అది మూడో అద్దం అని ఒప్పుకున్నాడు. పోయిన నెల తలుపు సొట్ట మాత్రం గోడ తగిలి పడింది కాదట, సైకిలు తగిలి. సైకిలాయన మోచెయ్యి చర్మం లేచిపోయిందట. వీళ్లే కార్లో వేసుకుని కట్టు కట్టించి ఇంటి దగ్గర దించారట.

"నాకెందుకు చెప్పలేదు బాబాయ్?"

"మీ అమ్మ వద్దందమ్మా. నా ఇద్దరు పిల్లల్నీ కడుపులోంచి తీసింది ఆవిడే. వద్దంటే నేనెట్టా కాదంటాను?"

మంచితనమే ఈ ఊళ్లో సగం మందిని చంపుతుంది అనుకుంటూ కూతురు వెనక్కి తిరిగింది.

ఇంటికొచ్చేసరికి ఇద్దరూ ముందు గదిలో ఉన్నారు. బల్ల మీద తాళం చెవి పెట్టి ఉంది. తల్లి దాచలేదు. రెండేళ్ల కిందటే కంటి డాక్టరు చెప్పాడంది. నరం దెబ్బతింది, ఎడమ పక్క నుంచి చూపు మూసుకుంటూ వస్తోంది, చుక్కల మందు వేస్తే ఉన్నది నిలుస్తుందే గానీ పోయింది తిరిగి రాదు. బండి మానెయ్యమన్నాడు. ఆమె ఇంటికొచ్చి భర్తకి చెప్పింది. ఆయన, ఎడమ పక్కే కదా, నేనున్నాగా అన్నాడు. అంతే.

"నేను రోజూ అరవై మందిని ఎక్కించుకుని తిరుగుతాను," అంది కూతురు. "ఏడాదికోసారి డిపోలో నా కళ్లు పరీక్ష చేస్తారు. ఒక్క వరస తప్పు చదివితే ఆ రోజే దింపేస్తారు. నీకెవరు పరీక్ష పెట్టారమ్మా?"

"మీ నాన్న."

"ఎగతాళిగా ఉందా? వెనక సీట్లో ఉన్నది నా పిల్ల."

తల్లి తల దించుకుంది. తండ్రి మాత్రం లేచి నిలబడ్డాడు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు, అప్పుడూ పెంచలేదు.

"నా చెయ్యి పోయిన తర్వాత నన్ను ఎవరైనా ఒక్క పనికి పిలిచారా చెప్పు. కూర్చో, పడుకో, నేను తెస్తాలే, నేను పట్టుకుంటాలే. నువ్వూ అంతే. మీ అమ్మ ఒక్కతే పని చెప్పింది. ఎడమ పక్క నాకు అప్పజెప్పింది. రెండేళ్లు. ఒక్క రోజు నాగా పెట్టలేదు. జ్వరమొచ్చినా వెళ్లాను. ఒక్కసారి తప్పు చెప్పానేమో మీ అమ్మనే అడుగు."

కూతురు నోట్లోకి సైకిలు మాట వచ్చేసింది. తల్లి అది పసిగట్టి అడ్డం పడింది.

"ఆయన తప్పేం లేదే. ఆ సైకిలు సంగతి కదా. ఆయన ముందే చెప్పారు, నేనే వినిపించుకోలేదు. కళ్లతో పాటు చెవులూ పోతున్నాయి నాకు. ఇంక నావల్ల కాదు." తాళం చెవి తీసి కూతురి చేతిలో పెట్టింది. "తీసుకో."

తండ్రి బయటికి వెళ్లి, కారు తలుపు తీసి, తన సీట్లో కూర్చున్నాడు. ఎక్కడికీ వెళ్లని బండిలో నిటారుగా కూర్చుని ఎడమ పక్క గోడకేసి చూస్తున్నాడు. పద్నాలుగేళ్ల కిందట కూడా గోడకేసే చూశాడు.

తల్లి వంటింట్లోకి వెళ్తే, కూతురు వెళ్లి ఆమె వెనక నిలబడింది. చెవులు ఎప్పటి నుంచి పోతున్నాయి, నాకు చెప్పలేదేం, రేపు డాక్టరు దగ్గరికి పోదాం అంది. తల్లి కుళాయి మొత్తం తిప్పింది. నీళ్ల చప్పుడు పెద్దదయ్యాక, తల తిప్పకుండానే చెప్పింది.

"నా చెవులు బాగానే ఉన్నాయి."

"మరి?"

"ఆ రోజు ఆయన చెప్పలేదు. సైకిలు తగిలి మనిషి కిందపడ్డాక 'ఆగు' అన్నారు. ఆయనకి మాత్రం ముందే చెప్పినట్టు గుర్తు. ఈ మధ్య అలాగే అవుతోంది. చూస్తారు, మాట వచ్చేసరికి ఆలస్యమవుతుంది. నేను వేగం తగ్గించుకుంటూ వచ్చాను, సందుల్లోంచి పోతూ వచ్చాను. సరిపోలేదు." ఆమె తడి చేతుల్తోనే ముఖం తుడుచుకుంది. "చెయ్యి పోయిన మనిషికి, కళ్లు కూడా పనికి రావని నేను చెప్పనా? ఎవరన్నా చెప్తారా ఆ మాట? తప్పు నా మీద వేసుకున్నాను. అది నీ కడుపులో పెట్టుకో."

కూతురు పొద్దుటి నుంచీ కారు సొట్టలు లెక్కపెట్టింది, అద్దాలు లెక్కపెట్టింది. ఈ ఇంట్లో ఒక మనిషి ఇంకో మనిషి విరిగిపోకుండా రెండేళ్లుగా అడ్డం నిలబడి ఉందని మాత్రం చూడలేదు. అద్దం చూసింది, అద్దంలో మనిషిని చూడలేదు. తల్లి భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నాకు తెలియాల్సింది అమ్మా అంది.

సాయంత్రం ముగ్గురినీ కారెక్కమంది. ఇక మీదట స్టీరింగు తనదేనంది. సెలవు రోజున తను తిప్పుతుంది, బడికి దించడానికి షిఫ్టు మార్చుకుంటుంది. తల్లి ముందు తలుపు దాకా అలవాటుగా వెళ్లి, ఆగి, వెనక తలుపు తీసుకుంది. పద్నాలుగేళ్లలో ఆ కారు వెనక సీట్లో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి. సీటు మధ్యలో స్ప్రింగు గుచ్చుకుంటోందని, ఇన్నాళ్లూ పిల్ల చెప్పనే లేదని మెల్లగా అంది. పిల్ల, నేను మాట్లాడకూడదు కదా అంది.

కారు దగ్గింది, రెండోసారికి అందుకుంది. వీధి చివర ఎడమకి తిరగాలి. తండ్రి సీట్లో మొండి చెయ్యి ఒళ్లో పెట్టుకుని ముందుకే చూస్తున్నాడు. ఇక ఆయన అవసరం లేదు. బస్సు నడిపే మనిషికి ఎడమ పక్క ఒకరు చెప్పాలా?

కూతురు కారు నెమ్మది చేసింది. ఎడమ అద్దంలో పాల డబ్బాల సైకిలు వస్తూ ఆమెకి అప్పటికే కనిపించింది.

"నాన్నా, ఎడమ పక్క?"

ఆయన ఉలిక్కిపడి తిరిగాడు. వీపు నిటారు చేశాడు. కిటికీ లోంచి పరీక్షగా చూశాడు.

"ఖాళీ. పద."

ఆమె కాలు అప్పటికే బ్రేకు మీద ఉంది, అక్కడే ఉంచింది. సైకిలు తలుపు పక్క నుంచి, జానెడు దూరంలో వెళ్లిపోయింది. డబ్బాల చప్పుడు దాటిపోయాక ఆయన గొంతు వచ్చింది.

"సైకిలు. ఆగు."

"ఆగాను నాన్నా," అంది కూతురు. "నువ్వు చెప్పబట్టి సరిపోయింది. నేను చూసుకోలేదు."

ఆయన తృప్తిగా తలాడించి, ఇంత పెద్ద డ్రైవరువి, కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని నడపమని కోప్పడ్డాడు. అలాగే నాన్నా అంది. మధ్య అద్దంలోకి చూసింది. వెనక సీట్లో తల్లి పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తనకి కనపడే కుడి పక్కకి ముఖం తిప్పుకుని ఉంది.