చేతికి చుట్టిన తాడు

సెలవంటే మధుకు నీళ్లుండాలి. వనపర్తిలో విత్తనాల దుకాణం నడిపే మనిషికి ఏడాదంతా ఎండ, దుమ్ము, రైతుల పోరు. అందుకే ఈసారి భార్య అర్చననూ, కూతురు వర్షనూ, ఇంట్లోని రెండు కుక్కలనూ వెంటేసుకుని కొల్లాపూర్ అవతల కృష్ణ ఒడ్డుకు బయల్దేరాడు. "కుక్కలెందుకు జెప్పు," అని అర్చన మొత్తుకున్నా లాభం లేకపోయింది. కర్యా రాకపోతే వర్ష రాదు, వర్ష రాకపోతే సెలవే లేదు. నల్లగా ఉందని గద్వాల అమ్మమ్మ పెట్టిన పేరది. రెండోది మల్లి. తిండి తప్ప లోకం తెలియని ముసలి కుక్క.

అక్కడ బాడుగకు దొరికిన వెంకటన్న పడవకు పైన రేకు కప్పు, వెనక డీజిల్ ఇంజను. పొద్దంతా ఎత్తిపోతల కాలువలో తిరిగారు. జొన్నరొట్టెలు, నాటుకోడి కూర తిన్నారు. బొక్కలన్నీ మల్లికే దక్కాయి, అది గురక పెట్టి పడుకుంది. పొద్దు వాలేసరికి పడవ కాలువ దాటి పెద్ద నీళ్లలోకి వచ్చింది. అక్కడ కర్యా లేచి నిలబడింది. చెవులు రిక్కించి నీళ్లలోకే చూడసాగింది.

దూకుతుందేమోనని అర్చనకు భయమేసింది. మెడపట్టీకి తాడు తగిలించి, రెండో కొసను పడవ గుంజకు కట్టబోయింది.

"ఈడ కుక్కను కట్టెయ్యొద్దమ్మా," అన్నాడు వెంకటన్న మెల్లగా. "కింద మా పాత ఊరుంది. డ్యాం నీళ్లొచ్చిన్నాడు ఊరంతా లారీలెక్కిన్రు. వెంట ఉరుకొస్తయని కుక్కలను గుంజలకు కట్టేసిన్రు. మల్ల వచ్చి విప్పుదామనుకున్నరు."

"విప్పిన్రా?" అంది వర్ష.

వెంకటన్న ఇంజను వైపు తిరిగిపోయాడు.

మధు నవ్వాడు. "నీ కథ మంచిగనే ఉందన్నా. కుక్క దూకితే ఎవరు తెస్తరు?"

అర్చనకు ఓ ఉపాయం తట్టింది. గుంజకు వద్దంటే వద్దు. తాడు కొసను వర్ష మణికట్టుకు రెండు చుట్లు చుట్టి ముడివేసింది. పెద్దమనిషి మాట విన్నట్టూ ఉంటుంది, కుక్కా దక్కుతుంది.

"గట్టిగ పట్టుకో బిడ్డా."

కాసేపటికి ఇంజను ఆగిపోయింది. వెంకటన్న ఎంత తిప్పినా అందుకోలేదు. ఆ నిశ్శబ్దంలో బురద వాసన లేచింది. దాంతోపాటు తడిసిన కుక్క వెంట్రుకల వాసన. కర్యా ఒళ్లు తడిమి చూసింది అర్చన. పొడిగానే ఉంది.

ఎక్కడో కుక్క మొరిగింది.

గట్టు మీద కాబోలు అనుకుంది. మరొకటి మొరిగింది. ఇంకొకటి... గట్టు చాలా దూరంలో ఉంది. ఈ అరుపులు మాత్రం దగ్గర. అరికాళ్ల కింద, పడవ చెక్కల్లోంచి వస్తున్నాయి.

మల్లి మూలకు జరిగి వణుకుతోంది. కర్యా వణకలేదు. దూకనూ లేదు. ఇంటి మెట్లు దిగినట్టు, నింపాదిగా నీళ్లలోకి దిగిపోయింది.

తాడు బిగిసింది... కిందికి.

"అమ్మా..."

వర్ష అంచుదాకా జారిపోయింది. అర్చన బిడ్డ నడుము వాటేసుకుంది. మధు ముడి విప్పబోతే అది బిగిసిపోయి ఊడలేదు. పడవ ఒరిగింది. బిడ్డ చెయ్యి మోచేతి దాకా మునిగింది. ఆ ముడి అర్చన వేసిందే.

వెంకటన్న కొడవలితో తాడు తెగ్గోశాడు.

పడవ ఒక్కసారి లేచి సర్దుకుంది. ఇంజను దానంతటదే అందుకుంది. వెంకటన్న పడవను నేరుగా ఒడ్డుకు తిప్పాడు. కర్యాను ఎవరూ పిలవలేదు.

"ఆడ శానా ఉన్నయమ్మా," అంది వర్ష గుసగుసగా. "ఇంకా కట్టేసే ఉన్నయి."

చేతికి మిగిలిన తాడు ముక్కను అర్చన ఒడ్డునే విప్పి పారేసింది. మణికట్టు మీద రెండు ఎర్రటి గీతలు మిగిలాయి. దవాఖానలో పూతమందు ఇచ్చి, తగ్గిపోతుందన్నారు.

తగ్గలేదు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం వనపర్తి ఇంట్లో నల్లా వచ్చింది. వాళ్ల వాడకు వచ్చేవి ఆ కృష్ణ నీళ్లే. అర్చన బకెట్ పెట్టి నల్లా విప్పింది. ముందు గాలి బుసకొట్టింది. తర్వాత బురద వాసన. ఆ వెనకే పైపు లోపలినుంచి సన్నటి మూలుగు... అన్నం ఆలస్యమైతే కర్యా అట్లాగే మూలిగేది.

మల్లి మంచం కిందికి దూరింది.

వెనక్కి తిరిగితే గుమ్మంలో వర్ష. కుడిచెయ్యి చాచి, ఒక్కో అడుగే నల్లా వైపు వస్తోంది. కళ్లనిండా నీళ్లు.

"నేను గాదమ్మా. అది గుంజుతుంది."

అర్చన నల్లా కట్టేసింది. బిడ్డను రెండు చేతులా పట్టుకుంది. నీళ్లు ఆగాయి. చెయ్యి మాత్రం చాచినట్టే ఉంది. ఆ రెండు గీతలు కళ్లముందే లోపలికి దిగిపోతున్నాయి.

"కత్తి తే... జల్ది తే."

మధు కత్తి తీసుకుని ఉరికొచ్చాడు. బిడ్డ చేతికీ నల్లాకూ మధ్య ఏమీ లేదు. ఏం కొయ్యాలో తెలియక అట్లాగే నిలబడ్డాడు.