రద్దయిన నాటకం

"మా అక్కే చేసిందండీ. నాకు రుజువు కావాలి," అంది ఇంజనీరమ్మ, డిటెక్టివ్ చూపించిన కుర్చీలో కూర్చోకుండానే.

కాలనీలో జరిగే ప్రతి కార్యక్రమం అప్పటికప్పుడు అందరి ఫోన్లలో కనిపించేలా వెబ్‌సైట్ తయారు చేసింది ఆమె. ప్రకటనలు పెట్టేది అక్క. పాస్‌వర్డ్ తెలిసింది వాళ్లిద్దరికే. నిన్న సాయంత్రం నాటకం మొదలవబోతుండగా 'రద్దయింది' అన్న కబురు ఇంటింటా ఫోన్లలో మోగింది. దారిలో ఉన్నవాళ్లు కూడా వెనుదిరిగారు. నాటకాల మాస్టారు వేషం కట్టుకుని ఖాళీ కుర్చీలను చూస్తూ నిలబడ్డారు. ఆయనకూ అక్కకూ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఇంకేముంది, అందరి ముందూ చెల్లెలే అక్క మీద వేలు చూపించింది. అక్క కాదననైనా లేదు; కాలనీ కమిటీ ఆమెను పనిలోంచి తీసేయబోతోంది.

"ఆ సమయంలో మీరెక్కడ?"

"ఇంట్లోనేనండీ. పాతదాని బదులు కొత్తగా రాస్తున్న రద్దు బటన్ వారం రోజులుగా మొరాయించి నిన్ననే దారికొచ్చింది. ఆ సంబరంలో లాప్‌టాప్ మూసేశాను. ప్రయోగాలన్నీ నకలు సైట్‌లోనే లెండి. అచ్చం అసలుదానిలాగే ఉంటుంది."

డిటెక్టివ్ కనుబొమ లేచింది. అది లేచిందంటే సగం కేసు తేలినట్టేనని పక్కనే ఉన్న అతని అసిస్టెంటు నమ్మకం.

మర్నాడు కమిటీ హాల్లో అందరినీ కూర్చోబెట్టి, ఆమె చేతే నకలు సైట్ తెరిపించాడు.

"రద్దు నొక్కండి."

ధీమాగా నొక్కింది. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కింది.

"మొన్నటి నుంచి ఇందులో ఏమైనా మార్చారా?"

"లేదండీ."

"మరి మొన్న పనిచేసింది ఏ బటన్? అసలు సైట్‌లోని పాతది. రెండూ పక్కపక్కనే తెరుచుకుని, ఒకటనుకుని ఇంకొకటి నొక్కారు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారమ్మా."

చెల్లెలికి భూమి చీలితే అందులో దూరిపోవాలనిపించింది. అక్క మీదికి ఎత్తిన ఆ వేలిని కొంగులో దాచుకుంది.

డిటెక్టివ్ అక్క వైపు తిరిగాడు. "మీరెందుకు నోరు విప్పలేదు?"

"పాస్‌వర్డ్ తెలిసింది ఇద్దరికే కదండీ. నేను కాదంటే ఇంకెవరో అందరికీ తెలిసిపోదూ? మా చెల్లికి ఇదే మొదటి పని."

"అక్కా!" అంటూ కాళ్ల మీద పడబోయింది చెల్లెలు.

అక్క వెనక్కి జరిగింది. "నాకు కాదే. ముందు మాస్టారికి క్షమాపణ చెప్పుకో."

మాస్టారు తల అడ్డంగా ఊపారు. "నా నాటకం రేపైనా ఆడతానమ్మా. ముందు ఆవిడకే చెప్పు."

ఇద్దరి మధ్యా నిలబడి, ఎవరి ముఖమూ చూడలేక, చెల్లెలు వెక్కివెక్కి ఏడ్చింది.