ప్రూడీ అవ్వ నవ్వు

ప్రూడీ అవ్వ దీవి పేరెత్తితే అమెరికాలోని మా మెయిన్ రాష్ట్రపు తీరంలో పెద్దవాళ్ళు కూడా మాట మార్చేస్తారు. చీకటి పడ్డాక అక్కడ పడవ ఆపకూడదు. అబద్ధాలరాయుడెవడైనా పడుకున్నాడో... నేల కింద నుంచి ఎప్పుడో పోయిన అవ్వ నవ్వుతుందట! నేనైతే నమ్మను. అలాగని రాత్రిపూట వెళ్ళమంటే మాత్రం వెళ్ళను. ఎందుకొచ్చిన గొడవ!

ఆ దీవికే వెళ్ళాడు ప్రెస్కాట్. బోస్టన్ కుర్రాడు. నా మేనకోడలు లోర్నాని చేసుకుంటానని వచ్చాడు. దానికి తల్లి లేదు, మా అన్నయ్య మెరిట్ ఒక్కడే పెంచాడు. "నాన్న సరే అంటేనే పెళ్ళి" అనేసింది అది. అన్నయ్యేమో, "ఒక రాత్రి నాతో దీవి మీద పడుకో అబ్బాయ్, చూద్దాం" అన్నాడు.

కాబోయే అల్లుడుగారు కయాక్ అని, ఇద్దరు కూర్చుని తెడ్డేసే సన్నటి పడవ తెచ్చాడు. నలభై ఏళ్ళు లాబ్‌స్టర్లు పట్టిన మా అన్నయ్యకి తెడ్డెలా వెయ్యాలో దారిపొడుగునా నేర్పాడట, ఆహా!

ఆ రాత్రి జరిగింది మర్నాడు తెల్లారి, ఒంటరిగా రేవుకొచ్చిన ప్రెస్కాట్ నోటితోనే విన్నాం.

దీవి ఎక్కగానే అన్నయ్య, "పైన వద్దు, కింద గులకరాళ్ళ మీద వేసుకో డేరా" అన్నాడట. ఒక్కసారే అన్నాడు. మా వాళ్ళు రెండోసారి చెప్పరు. వీడు వింటేగా! పైన పచ్చిక పరుపులా ఉందని అక్కడే వేసుకున్నాడు.

అర్ధరాత్రి... పొగమంచు కమ్మింది. దీపం ఆర్పాడు. అలల చప్పుడు తప్ప ఏమీ లేదు.

అప్పుడు— సరిగ్గా వీపు కింద— ఎవరో కిసుక్కున నవ్వారు.

లేచి కూర్చున్నాడు. "ఎ... ఎవరూ?"

మళ్ళీ నవ్వు. ఈసారి తల దగ్గర... తర్వాత కాళ్ళ దగ్గర... పళ్ళూడిన ముసలమ్మ పగలబడి నవ్వినట్టు, నేలంతా నవ్వుతోంది!

డేరా జిప్పు తీశాడో లేదో, నల్లటిదేదో చెంపకి రాసుకుంటూ పోయింది— మెత్తగా, చేపనూనె కంపుతో.

"మెరిట్ గారి కోసం పరిగెత్తాను," అన్నాడు ప్రెస్కాట్ వణుకుతూ. "ఆయన డేరా ఖాళీ... ఎంతో వెతికాను... అవ్వ తీసుకుపోయింది!"

"నాన్నా..." అంది లోర్నా. దాని మొహంలో నెత్తురు చుక్క లేదు. దెయ్యం సంగతి దేవుడెరుగు, అరవై దాటిన మనిషి ఆ చన్నీళ్ళలో పడితే ఎంతసేపు బతుకుతాడు? కోస్ట్ గార్డ్‌కి ఫోన్ చెయ్యండర్రా అని అరిచాను.

అంతలో తెల్లవారుజామునే దీవి వైపు వేటకెళ్ళిన పక్కింటి వర్నన్ పడవ రేవుకొచ్చింది. అందులో మా అన్నయ్య, కాఫీ తాగుతూ!

"అవ్వా లేదు, గాడిదగుడ్డూ లేదు," అన్నాడు మెట్లెక్కుతూ. "చారెడంత సముద్రపు పిట్టలు. పచ్చిక కింద బొరియల్లో గుడ్లు పెట్టుకుంటాయి, రాత్రిళ్ళు అలాగే కూస్తాయి. వాటి ఇంటి మీద పరుపేసుకుంటే నవ్వక ఏం చేస్తాయి?"

రేవు రేవంతా గొల్లున నవ్వింది. గండం గడిచిందనుకుని ప్రెస్కాట్ కూడా ఇకిలించాడు.

లోర్నా మాత్రం కయాక్‌లోకి చూస్తోంది. ముందు సీట్లో వాళ్ళ నాన్న లైఫ్ జాకెట్, మంచినీళ్ళ డబ్బా.

"భయపడ్డందుకు నేనేమీ అనను," అన్నాడు అన్నయ్య. "చిన్నప్పుడు నేనూ అక్కడే లాగు తడుపుకున్నా. కానీ నువ్వు గులకరాళ్ళ మీద పడవ ఈడుస్తుంటే మెలకువొచ్చి, ‘ఏంటి అబ్బాయ్’ అని అడిగాను కదయ్యా?"

ప్రెస్కాట్ తల దించుకున్నాడు.

"ఏమన్నాడు నాన్నా?" అంది లోర్నా.

"‘ఏం లేదు, మీరు పడుకోండి’ అన్నాడు."

లోర్నా వంగి, తండ్రి లైఫ్ జాకెట్ తీసి చంకలో పెట్టుకుంది.

"ప్రెస్కాట్, నీ కారు మా లాబ్‌స్టర్ బుట్టలకి అడ్డంగా ఉంది," అంది. "తీసెయ్."