హైరమ్ సాబు నీళ్ల వంతు

షార్జా కిందికి వచ్చే ఖోర్ ఫక్కాన్ ఊరి వెనక కొండల్లో ఒక రాతి ఇల్లుంది. ఇంటి ముందు ఒక అంజీర్ చెట్టు. పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ అయ్యాక అటు పోవద్దని పఠాన్ డ్రైవర్లు కూడా చెప్పేవాళ్లు. టైరు పేలినా అక్కడ బండి ఆపేవాళ్లు కాదు.

నేను దెయ్యాలను నమ్మను. షార్జాలో సజ్జా లేబర్ క్యాంపులో పద్దెనిమిదేళ్లు బతికాను. భయపడాల్సింది బతికున్నవాళ్లకేనని నాకు తెలుసు! అయినా పోచన్న చెప్పింది చెప్తాను. తర్వాత క్యాంపులో నా కింది మంచం అతనిదే. అబద్ధమాడడం రాని మనిషి.

ఆ ఇంట్లో హైరమ్ అనే అమెరికా ముసలాయన భార్యతో ఉండేవాడు. మోర్మన్ మతం వాళ్లు. ఆయన ముత్తాత పెళ్లాం పిల్లలతో చేతిబండి లాక్కుంటూ వెయ్యి మైళ్లు నడిచి, ఉప్పునేలలో కాలువ తవ్వి పంట తీశాడట. అందుకేనేమో ఆయనకు ఎడారంటే భయం లేదు. వాళ్ల మతం కట్టుబాటుతో మందు ముట్టడు. చాయ్ కూడా ముట్టడు.

కొండ కాలువ నీళ్లకు తోటలన్నిటికీ వంతులు. ఆయన వంతు మగ్రిబ్ నుంచి రాత్రి ఇషా నమాజు దాకా. మనమైతే పారతో మట్టి వేసి నీళ్లు మళ్లిస్తాం. ఆయన మాత్రం కర్రకు కట్టిన పచ్చ టార్పాలిన్ గుడ్డను కాలువకు అడ్డంగా దించేవాడు.

ఒక సాయంత్రం తన వంతులోనే, కాలువలోనే... కూలిపోయాడు. భార్య శవపెట్టెతో అమెరికా వెళ్లిపోయింది. నీళ్ల వంతు మాత్రం మిగిలింది.

అది 2014 ఎండాకాలం. పోచన్న ఆ పక్క తోటలో పనివాడు. అతని భార్య ఐలవ్వ ఆ తోట యజమాని, ఇద్దరికీ వీసా ఇచ్చిన కఫీల్ ఇంట్లో వంట చేసేది; తీరిక దొరికితే హైరమ్ భార్యకు చేతిసాయం చేసేది. తోటలో మూడు వందల ఖర్జూరం పిలకలు ఎండిపోతున్నాయి. ఒక్క ట్యాంకర్ నీళ్లు తెప్పించమంటే కఫీల్ ఏమన్నాడో తెలుసా? "పిలకలు ఎండితే ఇద్దరికీ ఖలాస్. ఇంటికి పోండి."

ఇంటి దగ్గర కూతురు రేణుక నర్సింగ్ రెండో ఏడు. ఇంటికి పోతే ఆ చదువు ఖలాస్.

చచ్చినోడికి నీళ్లెందుకు అనుకున్నాడు పోచన్న. మగ్రిబ్ కాగానే గండి కొట్టి, హైరమ్ వంతు నీళ్లను తన పిలకలకు మళ్లించాడు. వెనక్కి చూడకుండా గదికి ఉరికాడు.

పొద్దున చూస్తే పిలకల కింద ఇసుక పొడిగా ఉంది. గండి పూడి ఉంది. అంజీర్ చెట్టు మొదలు మాత్రం తడి... తడి.

ఇది హైరమ్ దెయ్యం పనే అనుకున్నాడు పోచన్న. మన ఊళ్లలో పోయినవాళ్లను చల్లార్చడానికి కల్లో సారానో నేల మీద సాక పోస్తాం కదా. షార్జాలో మందు దొరకదు. పక్కనున్న అజ్మాన్ నుంచి దొంగచాటుగా ఒక సీసా తెప్పించాడు. మాపటికి ఆ ఇంటి గడప మీద సాక పోసి, సీసా పెట్టి, పక్కన గ్లాసు నిండా చాయ్ పెట్టి దండం పెట్టాడు. మళ్లీ గండి కొట్టాడు.

తెల్లారి సీసా ఖాళీగా ఇసుకలో పడి ఉంది. చాయ్ గ్లాసు బోర్లించి ఉంది. గండి పూడి ఉంది.

మూడో రోజు పార పట్టుకుని గోడ చాటున కూర్చున్నాడు. దెయ్యం చంపితే చంపనీ... కఫీల్ ఎట్లాగూ చంపుతాడు.

చీకటి పడింది. కాలువ గట్టు మీద అలికిడి. తల మీదుగా తెల్లటి గుడ్డ. ఆకారం వంగింది... మట్టి తోసింది... గండి పూడ్చింది.

"ఎవల్రా!" అంటూ లేచాడు పోచన్న. పార జారి రాయికి తగిలింది.

ఆకారం తిరిగింది.

"మెల్లగనయ్యా... నేనే."

ఐలవ్వ!

"నువ్వానే? పానం తీస్తివి గదనే!"

"మరి నువ్వు జేసిందో? ఆ చెట్టుకు నీళ్లు ఆగనియ్యనని హైరమ్ సాబు మేడమ్ పోయేనాడు ఆమె చేతుల చెయ్యేసి చెప్పిన. నా మొగుడే దొంగయితే ఎవలకు చెప్పుకోవాలె?"

"మరి సీసా?"

"నేనే పారబోసిన. చాయే ముట్టనోనికి సాక పోస్తవా? తెలివి అజ్మాన్‌ల అమ్మినవా?"

పోచన్నకు నవ్వొచ్చింది. మూడు రోజుల భయం ఒక్కసారి దిగిపోయింది. నవ్వుతూనే ఉన్నాడు...

నీళ్ల చప్పుడు మారింది.

చెట్టు వైపు పారుతున్న నీళ్లు ఆగాయి. ఐలవ్వ ఇప్పుడే పూడ్చిన గండి దానంతట అదే తెగింది. నీళ్లు గలగలా పిలకల వైపు తిరిగాయి.

పోచన్న ఫోన్ లైటు వేశాడు. కాలువకు అడ్డంగా ఒక కర్ర. కర్రకు పచ్చ టార్పాలిన్ గుడ్డ.

"అది... నువ్వు పెట్టినవా?"

ఐలవ్వ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆ గుడ్డను నేనే మడిచి సాబు శవపెట్టెల పెట్టినయ్యా... మేడమ్ అమెరికాకు కొంచవోయింది."

ఇద్దరూ గట్టు మీదే కూర్చున్నారు. ఇషా అజాన్ వినపడేదాకా నీళ్లు పారాయి. తర్వాత చూస్తే కాలువలో కర్ర లేదు, గుడ్డా లేదు.

ఎండాకాలమంతా అంతే. ముందు చెట్టుకు, తర్వాత పిలకలకు. మూడు వందలూ బతికాయి. కఫీల్ వచ్చినవాళ్లందరికీ తన గొప్పగా చూపించుకున్నాడు! బతికున్నవాడు ఒక ట్యాంకర్ ఇవ్వలేదు. చచ్చినవాడు తన వంతు ఇచ్చాడు.

ఆ తర్వాత ఐలవ్వ రోజూ మాపటికి ఆ గడప మీద గ్లాసుతో మంచినీళ్లు పెట్టేదట. ఎడారి గాలి తాగేదో, ఎవరు తాగేవాళ్లో...

పొద్దుటికి గ్లాసు ఖాళీ. కానీ ఆనాటి చాయ్ గ్లాసులా మళ్లీ ఏనాడూ బోర్లించి లేదు.