గొయ్యి ఏడుస్తోంది

శ్రీకాకుళంలో మొరలందుకునే ఆపద గది నిండా మనుషులున్నారు. ఒక్క గొంతూ వినబడటం లేదు. బయట తుపాను గాలి కిటికీలను బాదుతుంటే లోపల మీటల టకటక మాత్రం సాగుతోంది. పక్క బల్ల మనిషిని మంచినీళ్ళు అడగాలన్నా మెడలో వేలాడే మీటపలక మీద నొక్కాల్సిందే.

నోటిమాటకు చెల్లుబాటు పోయి ఒక తరం గడిచింది. ఎవరి గొంతునైనా యంత్రాలు అచ్చంగా దించేయడం మొదలుపెట్టాక, తల్లి పిలిచినా బిడ్డ నమ్మని రోజులు వచ్చాయి. మీటల మీద వేళ్ళ నడకను మాత్రం ఏ యంత్రమూ దొంగిలించలేకపోయింది. అందుకని పదేళ్ళు నిండిన ప్రతి మనిషికీ ఒక మీటపలక, దానికి తోడుగా తెర మీద గుర్తును కదిపే ఒక చిట్టెలుక ఇచ్చారు. వాటికి తీగలుండవు. ఊరి నడుమ నిలబెట్టిన మహాగూడు అనే స్తంభంతో అవి గాలిలోనే జతపడి ఉంటాయి. ఒక పలకకు ఒకటే గూడు. ఆ జత ఉంటేనే మాట చెల్లుతుంది, దుకాణంలో బియ్యం పుడతాయి. జత విప్పుకున్న మనిషి ఉన్నా లేనట్టే.

మహాగూడులో దిద్దరి అనే మరో యంత్రం కూర్చుని ఉండేది. ఎవరు ఏ యాసలో నొక్కినా చక్కని పుస్తకాల తెలుగులోకి మార్చి పంపడం దాని పని. మంచి ఉద్దేశంతోనే పెట్టారు. మంచి ఉద్దేశంతో చేసిన చేటు లోకంలో తక్కువేమీ కాదు.

ఆ గదిలో మూల బల్ల పైడికుమారిది. నౌపడ ఉప్పుమళ్ళలో పుట్టి పెరిగిన మనిషి. ఆమె బల్ల మీద ఎవరికీ అక్కరలేని పాత లినక్స్ కంప్యూటర్ పెట్టె ఒకటుంది. దానికి సొంత గూడు ఉంది, వెనకాల గుచ్చిన గోరంత గుబ్బ. దాన్ని పైడి మేడ మీది యాంటెన్నాకు కలిపి, సముద్రం మీది పడవల దాకా అందేలా చేసుకుంది. బెస్తవాళ్ళు తమ పాత పలకలను ఆ పెట్టెకు జతచేసుకుని, పొద్దున్నే గాలి ఎటు తిరిగిందో, చేప ఎక్కడ తగిలిందో తమ మాటల్లోనే చెప్పుకునేవారు. మధ్యలో దిద్దేవాడు లేడు.

అది మూయించడానికే ఆ రోజు అధికారి ముకుందరావు వచ్చాడు. ఆ పెట్టెకు పైడి వాడే పాత పలకను ఆయన అప్పటికే తీసుకుని సంచిలో వేసుకున్నాడు. పెట్టె తెర మీద జతల వరుస కనబడుతోంది. ఒక్కొక్క పేరు, పక్కన దాని బ్యాటరీ ఎంతుందో. చిట్టెలుకతో ఒక్కొక్కదాన్నీ తొలగించమని ఆయన పక్కనే నిలబడ్డాడు. పైడి కావాలని నెమ్మదిగా తొలగిస్తోంది. ఆఖరికి బెస్తవాళ్ళలో ఎర్రయ్య పేరొక్కటి మిగిలింది.

అప్పుడు గోడ మీది పెద్ద తెరలో ఒక మొర వెలిగింది.

"నౌపడ ఉప్పుమళ్ళ నుండి కామమ్మ: గట్టు తెగినది. మా గొయ్యి అవతల ఉండిపోయినది. గొయ్యి ఏడ్చుచున్నది. త్వరగా రండి."

కింద దిద్దరి తన మాట కూడా చేర్చింది. "అలంకారిక ప్రయోగం. పూడిక పనుల విభాగానికి పంపడమైనది."

పక్క బల్ల అతను నవ్వుకున్నాడు. పైడికి కూడా నవ్వు రాబోయి ఆగిపోయింది. గొయ్యి ఎలా ఏడుస్తుంది? కామమ్మ ఏం నొక్కి ఉంటుంది? గొయ్యి, గుంత, గుంట. పైడి పుట్టిన చోట గుంట అంటే ఆడపిల్ల.

దిద్దరి తప్పేమీ చేయలేదు. గుంటకు ఇంకా మంచి మాట వెతికి పెట్టింది, అంతే.

"ఉప్పుగట్టు అవతల బాలిక చిక్కుకుంది. పడవ పంపండి" అని పైడి తన మెడలోని పలక మీద నొక్కింది. మహాగూడు వెంటనే తిప్పి పంపింది. "మూలంలో బాలిక లేదు. ఆజ్ఞ చెల్లదు." మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే. ముకుందరావుకు చూపించింది. ఆయన నిదానంగా చదివి, నిదానంగా నొక్కాడు. "మూలాన్ని సవరించమని కామమ్మను కోరండి. ఈలోగా మిగిలిన జతను తొలగించండి."

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. కామమ్మ పలక పలకడం లేదు. నీళ్ళలో పడిందో ఏమో.

పైడి నోరు తెరిచింది.

"అది గొయ్యి కాదండీ, గుంట! ఆడపిల్ల! మునిగిపోతంది!"

గదిలో మీటలన్నీ ఆగిపోయాయి. ముకుందరావు ఉలిక్కిపడి ఒక అడుగు వెనక్కి వేశాడు. "నోటితో మాట్లాడరాదు" అని ఆయన నొక్కిన మాటలు పైడి పలక మీద మెరిశాయి.

ఆమె ఆ పలకనే తిరగేసి, అడుగున ఉన్న చిన్న మీటను అదిమిపట్టింది. "జత విప్పితే మీ మాట చెల్లదు. విప్పమంటారా?" అని అడిగింది మహాగూడు. పైడికి భయం వేసింది. రేపు బియ్యం ఎవరిస్తారు? ఈ ఉద్యోగం ఉంటుందా? అవన్నీ తెలిసే అవునని నొక్కింది. పలక మీది పచ్చదీపం ఆరిపోయింది.

లినక్స్ పెట్టెలో కొత్త జత అన్న చోట చిట్టెలుకతో తట్టింది. పలకను ఆపి మళ్ళీ వెలిగించింది. ఈ పలక నీదేనా అన్నట్టు తెర కొన్ని అంకెలు చూపించింది. అవే అంకెలు నొక్కింది. ఎర్రయ్య పేరు కింద ఆమె పేరు చేరింది.

"ఎర్రయ్య మావా! నౌపడ ఉప్పుగట్టు అవతల గుంట ఉండిపోనాది. నీరొచ్చేస్తంది. బేగెల్లు."

"ఎవుల గుంట?"

"కామమ్మది."

"ఎల్తన్నాను. సెల్లని మాట మీద పడవ తీస్తే మహాగూడుతో నా జత కూడా పీకేత్తారు, తెల్సా?"

"తెలుసు మావా."

"పీక్కోమను."

ముకుందరావు పెట్టె వెనకాలి గుబ్బను లాగేయబోయాడు. పైడి దాని మీద అరచెయ్యి పెట్టింది. "ముందు నా సెయ్యి పీకండి, తర్వాత దాన్ని పీకుదురుగాని" అంది. ఇందాక నవ్విన పక్క బల్ల అతను లేచి, ఒక్క మీట కూడా నొక్కకుండా, తన కుర్చీ తెచ్చి ఇద్దరి మధ్యా వేసుకుని కూర్చున్నాడు.

చాలాసేపు తెర ఖాళీగా ఉంది. తర్వాత అక్షరాలు వచ్చాయి.

"దొరికింది. సలికి వనికిపోతంది. నా తువ్వాలు కప్పినాను."

పైడి బల్ల మీద తల ఆన్చి భోరున ఏడ్చింది.

తుపాను వెలిసిన తర్వాత విచారణ జరిగింది. కామమ్మ, ఎర్రయ్య, ఉప్పుమళ్ళ జనం, బెస్తవాళ్ళు హాలు నిండా వచ్చి కూర్చున్నారు. పలకలను గుమ్మం బయటే చెప్పుల పక్కన వదిలి వచ్చారు. విచారణాధికారిణి నొక్కిన మాటలు తెర మీద కనబడ్డాయి.

"పొరపాటు దిద్దరిది. గుంట అను మాటకు బాలిక అను అర్థమును ఈనాడే చేర్చితిమి. క్షమాపణ తెలిపి మహాగూడుతో తిరిగి జతపడినచో మీ ఉద్యోగము మీకుండును."

పైడి లేచి నిలబడింది. ఆమె మెడ బోసిగా ఉంది.

"ఇయ్యాల గుంట చేర్చినారు. రేపు ఇంకో తల్లి ఇంకో మాట అంటాది. ఆ మాట మీకాడ చేరేదాకా ఆ పిల్ల మునగకుండా ఆగుతాదా? నా పలక నా పెట్టెకే ఉంటాది. క్షమాపణ నాను చెప్పను."

"మీ మాట చెల్లదు" అంది తెర.

"సెల్లకపోతే పోనీండి. ఇనబడిందా, లేదా?"

అధికారిణి తనకు తెలియకుండానే తల ఊపింది.

కామమ్మ ఒడిలో ఉన్న పిల్లకు ఇంకా పదేళ్ళు రాలేదు, పలక లేదు. ఇప్పుడిప్పుడే చదవడం నేర్చుకుంటోంది. తెర పైభాగాన విచారణ పేరు, ఒకసారి ఎక్కించాక మార్చే వీల్లేనిది, పెద్ద అక్షరాల్లో ఉంది. నౌపడ గొయ్యి వ్యవహారం. పిల్ల అక్షరం అక్షరం కూడబలుక్కుంది. ఆమెకు కోపం వచ్చింది.

"నాను గొయ్యిని కాదు" అంది గట్టిగా. "గుంటని!"

వెనక వరసలో ఎవరో పైకే నవ్వారు. "ఇంకా గట్టిగా సెప్పే గుంటా!" అని ఎర్రయ్య కేకేశాడు. దాంతో హాలంతా గొంతులే. ఏళ్ళ తరబడి వాడక బొంగురుపోయిన గొంతులు, ఒకరి మీద ఒకరు పడి మాట్లాడే గొంతులు. తెర మీద "నిశ్శబ్దం" అని వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది. అటు చూసేవాళ్ళెవరూ లేరు.